ఎఫ్ఐఆర్ అయ్యి నెలలు గడిచినా చార్జ్‌షీట్ లేదు, దెబ్బలు తిన్నవాళ్లకి దారేంటి?

పల్నాడు_రైతుబిడ్డ

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మా పిన్ని పల్లెటూళ్లో ఒక్కతే ఉంటది, బాబాయి పోయి చాలా ఏళ్లయింది, ఉన్న కొద్ది పొలం తనే చూసుకుంటది. సంక్రాంతి వెళ్లిన కొత్తల్లో గట్టు దగ్గర గొడవ పెట్టుకుని పక్క పొలం వాళ్లు ఇనప రాడ్డుతో కొట్టారు, ఎడమ చెయ్యి విరిగింది, తలకి కుట్లు పడ్డాయి. ప్రభుత్వాసుపత్రిలో చేర్చాం, అక్కడికే కానిస్టేబుల్ వచ్చి స్టేట్‌మెంట్ రాసుకున్నాడు, మర్నాడు ఎఫ్ఐఆర్ కాపీ కూడా ఇచ్చారు. సెక్షన్ బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త శిక్షల చట్టం) 118(1) అని ఉంది. అంతవరకు బాగానే ఉంది.

ఆ తర్వాత నుంచి ఏమీ కదల్లేదండి. వాళ్లకి నోటీసు ఇచ్చి పంపించేశారంట, వాళ్లు రోజూ పిన్ని ఇంటి ముందు నుంచే బండి వేసుకుని తిరుగుతున్నారు. స్టేషన్‌కి వెళ్లి అడిగితే "ఇంకా ఇన్వెస్టిగేషన్‌లో ఉంది" అంటారు, ఇంకోసారి వెళ్తే "ఎస్సై గారు బందోబస్తుకి వెళ్లారు" అంటారు, ఈలోపు ఆ ఎస్సై గారికే ట్రాన్స్‌ఫర్ అయిపోయింది. కొత్తాయన పిన్నిని మళ్లీ స్టేషన్‌కి రమ్మంటున్నాడు, ఆవిడకి ఆ విరిగిన చెయ్యితో బస్సెక్కటమే కష్టం. పైగా పెద్దమనుషులు వచ్చి రాజీ పడిపోండి, కోర్టుల చుట్టూ ఏం తిరుగుతారు అని కూర్చుంటున్నారు. సాక్షుల్లో ఒకాయన ఇప్పటికే మెత్తబడ్డాడు, "నన్ను మాత్రం లాగకండి" అంటున్నాడు. చెయ్యికి ఆపరేషన్ బయట చేయించాం, ఆ అప్పు ఇంకా తీరలేదు.

నాకు తెలియాల్సింది ఏంటంటే, కేసు ఎక్కడిదాకా వచ్చిందో అడిగే హక్కు మాకు ఉందా లేదా, చార్జ్‌షీట్ త్వరగా పడాలంటే మేం చేయగలిగింది ఏమైనా ఉందా, ఆసుపత్రి ఖర్చుకి ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా. ఇంకోటి కూడా, అసలు ఇన్ని కేసులు ఇలా మధ్యలో ఎందుకు ఆగిపోతాయి? నేరం చేసినవాడు తిరుగుతుంటే దెబ్బ తిన్న మనిషి తలుపేసుకుని లోపల కూర్చోవడం ఏం న్యాయం అండి.

పాత_స్టేషన్_రైటర్

తమ్ముడూ, నేను తెలంగాణల హెడ్ కానిస్టేబుల్‌గ రిటైర్ అయిన, చాలా ఏండ్లు స్టేషన్ రైటర్ పనే చేసిన. మీది ఆంధ్ర అయినా పని తీరు ఒక్కటే, గందుకే చెప్తున్న.

నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్త, అది అర్థమైతే మిగతాది అదే తెలుస్తది. ముద్దాయి జైల్ల ఉన్నడనుకో, 60 రోజులల్ల, పెద్ద కేసైతే 90 రోజులల్ల చార్జ్‌షీట్ వెయ్యకపోతే వానికి బెయిల్ హక్కుగ వస్తది, అది జరిగితే ఐఓ (దర్యాప్తు చేసే ఆఫీసర్) మీద పైఆఫీసర్లు అడుగుతరు, మెమో వస్తది. గందుకని రిమాండ్ అయిన కేసుల ఫైలు ఎప్పుడూ బల్ల మీదనే ఉంటది, ఉరుకుతనే ఉంటరు. ముద్దాయిని అరెస్టు చెయ్యకుంట 35(3) కింద నోటీసు ఇచ్చి పంపిన కేసుకు ఆ గడియారం లేదు. వాడు బయటనే ఉన్నడు, ఎవ్వరికీ తొందర లేదు. ఒక్క బాధితునికే తొందర ఉంటది. నీ కేసు గా రెండో రకం, గంతే. లంచం తిన్నరనో, ఎవడో ఫోన్ చేసిండనో అనుకుంటరు మీరు, గదీ ఉంటది కొన్నిట్ల, కాదనను. కానీ ఎక్కువ కేసులు ఆగేది ఎవ్వరూ ముట్టక.

ఒక్కో ఐఓ దగ్గర ఎన్ని కేసు డైరీ (సీడీ) ఫైళ్లు ఉంటయో బయటోళ్లకు తెల్వది. పొద్దున మంత్రి బందోబస్తు, మధ్యాహ్నం ఎక్కడో యాక్సిడెంట్, రాత్రి పెట్రోలింగ్, మధ్యల కోర్టు. దర్యాప్తుకు వేరే, లా అండ్ ఆర్డర్‌కు వేరే మనుషులను పెట్టాలని సుప్రీంకోర్టు 2006ల ప్రకాశ్ సింగ్ కేసుల చెప్పింది, మామూలు మండల స్టేషన్ల అది ఎక్కడున్నదో చూపించు. గదొక్కటి సక్కగ చేస్తే సగం చార్జ్‌షీట్లు టైమ్‌కు పడతయి, నేను మనస్ఫూర్తిగ చెప్తున్న.

ఇగ నీ కేసు. ఎఫ్ఐఆర్ల 118(1) అంటే ఆయుధంతో మామూలు దెబ్బ, మూడేండ్ల దాక శిక్ష. ఎముక విరిగితే అది తీవ్ర గాయం కిందికి వస్తది, అప్పుడు 118(2) పడాలె, దానికి తక్కువల తక్కువ ఏడాది, పెద్ద శిక్ష అంటే యావజ్జీవం దాక ఉన్నది. గాయం సంగతి రాత్రికి రాత్రి తెల్వది కాబట్టి మొదట చిన్న సెక్షన్ పెడతరు, తప్పేం లేదు. కానీ తర్వాత డాక్టర్ గాయాల మీద రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్ చూసి, గ్రీవియస్ (తీవ్ర గాయం) అని ఉంటే సెక్షన్ మార్చినమని కోర్టుకు ఆల్టరేషన్ మెమో పెట్టాలె. నా అంచనా, మీ ఫైల్ల ఆ వూండ్ సర్టిఫికెట్టే లేదు. దెబ్బల కేసులు నూటికి ఎక్కువ శాతం ఆగేది గాడనే. స్టేషన్ నుంచి ఆసుపత్రికి లెటర్ పోతది, ఆడ డ్యూటీ డాక్టర్ మారిపోతడు, ఎక్స్‌రే రేడియాలజిస్ట్ ఒపీనియన్ కోసం ఇంకో సెక్షన్‌కు పోతది, రాసినంక కూడా తెచ్చేటోడు లేక అల్మారల పడి ఉంటది. స్టేషన్‌లకు పోయి "చార్జ్‌షీట్ ఎప్పుడు వేస్తరు" అని అడగకు, "వూండ్ సర్టిఫికెట్ వచ్చిందా సార్, సెక్షన్ ఆల్టర్ చేసిండ్రా" అని అడుగు. గట్ల అడిగేటోనికి జవాబు వేరే తీరుగ వస్తది. ఎమ్మెల్సీ నంబర్, అంటే ఆసుపత్రిల రాసిన మెడికో లీగల్ కేసు నంబర్, నీ దగ్గర ఉండాలె, ఓపీ చిట్టీ మీదనో డిశ్చార్జ్ కాగితం మీదనో రాసి ఉంటది, చూడు. బయట ఆపరేషన్ చేయించిన అన్నవు కదా, ఆ ఆసుపత్రి ఎక్స్‌రే, కేస్‌షీట్ కూడా ఐఓకు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకో, ఎందుకంటే విరిగింది అని రుజువు చేసే కాగితం గదే అయితది రేపు.

వకీల్_మేడమ్_ఒంగోలు

పైన పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను లీగల్ సర్వీసెస్ ప్యానెల్‌లో ఉన్నాను, మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల కేసుల్లో ఇదే కథ.

మీ మొదటి ప్రశ్నకి, ఉంది, ఖచ్చితంగా ఉంది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం నడుస్తోంది కదా, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన పోలీసు, కోర్టు పద్ధతుల చట్టం) 193(3) ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకో బాధితులకో తెలియజేయాల్సిన బాధ్యత పోలీసులదే, ఫోన్‌లో మెసేజ్ రూపంలో చెప్పినా సరే. ఇది మీరు అడుక్కునే దయ కాదు. కాబట్టి నోటితో అడగడం ఆపేసి ఒక తెల్లకాగితం మీద క్రైమ్ నంబర్, తేదీ, సెక్షన్ వేసి, 193(3) కింద దర్యాప్తు పురోగతి తెలపవలసిందిగా కోరుతున్నాను అని రాసి స్టేషన్‌లో ఇవ్వండి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి. ఆ రసీదు పారేయొద్దు, రేపు పైకి వెళ్లాలంటే మీకు ఆధారం అదే.

ఇంకో ముఖ్యమైన మాట, ఆవిణ్ణి స్టేషన్‌కి రమ్మనడానికి వీల్లేదు. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లని, 60 దాటిన మగవాళ్లని, వికలాంగుల్ని, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లని వాళ్లు నివసించే చోటుకే వచ్చి అడగాలి, సెక్షన్ 179 అది. ఆవిడ ఇష్టపడి వెళ్తే వేరే సంగతి. మర్యాదగానే చెప్పండి, "సార్, పిన్నికి చెయ్యి బాగాలేదు, మీరే ఇంటికి వచ్చి రాసుకోండి" అని. చాలామంది ఎస్సైలు ఒప్పుకుంటారు, వాళ్లకీ రూల్ తెలుసు.

ఉత్తరానికి కదలిక లేకపోతే ఎస్పీ ఆఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. అదీ కాకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి. దర్యాప్తు సరిగ్గా జరగట్లేదు అనిపిస్తే మెజిస్ట్రేట్ దాన్ని పర్యవేక్షించవచ్చు అని సుప్రీంకోర్టు 2007లో సాకిరి వాసు కేసులో స్పష్టంగా చెప్పింది, పాత చట్టంలో 156(3) ఇప్పుడు 175(3) అయింది. అందరూ హైకోర్టులో రిట్ వేయాలి లక్షలు కావాలి అని భయపెడతారు, ముందు కింద కోర్టులోనే అడగొచ్చు. ఆర్టీఐ కూడా వేయొచ్చు కానీ స్టేట్‌మెంట్ కాపీలు, కేసు డైరీ అడగొద్దు, దర్యాప్తుకి ఆటంకం అని తిప్పికొడతారు. వూండ్ సర్టిఫికెట్ కోసం లెటర్ ఏ తేదీన పంపారు, ఏ తేదీన అందింది, ఇంతవరకే అడగండి.

లాయర్ ఫీజు గురించి బెంగ పెట్టుకోకండి. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలోనే డీఎల్ఎస్ఏ (జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ) ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. కేసు నడిపేది ప్రభుత్వ లాయరే (పీపీ) అయినా, కోర్టు అనుమతితో మీ తరఫున ఒక లాయర్ ఆయనకి సాయంగా ఉండొచ్చు.

డబ్బు సంగతి. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 396 కింద బాధితుల పరిహారం స్కీమ్ ఉంది, ఏపీలోనూ తెలంగాణలోనూ. నిందితుడు దొరక్కపోయినా, విచారణ మొదలవకపోయినా కూడా డీఎల్ఎస్ఏకి అప్లై చేసుకోవచ్చు, రెండు నెలల్లో విచారించి తేల్చాలి. ఆడవాళ్లకి నల్సా (జాతీయ లీగల్ సర్వీసెస్ అథారిటీ) వాళ్లు 2018లో ప్రత్యేక స్కీమ్ పెట్టారు, అందులో రేప్ బాధితులకి 4 లక్షల నుంచి 7 లక్షల వరకు అని రాసి ఉంది, శారీరక గాయాలకీ ఉంది. ఇంత డబ్బు చట్టంలో పెట్టి ఉంచితే అడిగేవాళ్లు లేక ఎంతమంది వడ్డీకి అప్పులు తెచ్చుకుంటున్నారో చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఎఫ్ఐఆర్ ఇచ్చే రోజునే ఆ కాగితం వెనక "మీకు పరిహారం అడిగే హక్కుంది, ఫలానా చోట అడగండి" అని ముద్రిస్తే ఏం పోయింది?

మౌనిక_హైదరాబాద్

ఈ థ్రెడ్ చూసి రాయకుండా ఉండలేకపోయాను. మా దగ్గరి బంధువుల పాప విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. వివరాలు చెప్పను, ఎవరూ అడగొద్దు ప్లీజ్, పాపని గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని చట్టమే చెప్తుంది.

నేను చెప్పాలనుకున్నది సాయం గురించి. మేం మొదట మామూలు పోలీస్ స్టేషన్‌కే వెళ్లాం, ఏం అడుగుతారో ఎలా అడుగుతారో అని వాళ్ల అమ్మ వణికిపోయింది. అక్కడి నుంచి భరోసా సెంటర్‌కి పంపారు. హైదరాబాద్‌లో ఇది 2016లో మొదలైంది, తర్వాత జిల్లాల్లో కూడా పెట్టారు. అక్కడ డాక్టర్, కౌన్సెలర్, లీగల్ వాళ్లు, స్టేట్‌మెంట్ తీసుకునే మహిళా పోలీసు అంతా ఒక్క కప్పు కిందే ఉంటారు. పాప ఒకచోట చెప్పిందే పదిచోట్ల మళ్లీ మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు, యూనిఫాంలో ఎవరూ ఎదురుగా కూర్చోలేదు, బొమ్మలున్న గదిలో మాట్లాడించారు. ఇది చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ పిల్లలు అసలు నోరు విప్పేదే అలాంటి చోట. స్టేట్‌మెంట్ సరిగ్గా ఉంటేనే కదా చార్జ్‌షీట్ నిలబడేది.

చాలామందికి తెలియనిది ఇంకోటి. పోక్సో కేసుల్లో సపోర్ట్ పర్సన్ అని ఒకరిని బాలల సంక్షేమ కమిటీ వాళ్లు ఇస్తారు, 2020 రూల్స్‌లో ఉంది. మా పాపకి ఇచ్చిన అక్క కోర్టు వాయిదా ఎప్పుడుందో ముందే ఫోన్ చేసి చెప్పేది, పాప స్కూలు మానకుండా చూసేది, వాళ్లమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చునేది. కేసు పూర్తికాకముందే మధ్యంతర పరిహారం కూడా స్పెషల్ కోర్టు ఇవ్వొచ్చు, ఆర్డర్ అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. ఆ డబ్బుతోనే వాళ్లు ఇల్లు మారారు. నిందితుడు అదే వీధిలో ఉంటే ఆ ఇల్లు మారటం ఎంత అవసరమో మీరు ఊహించుకోండి. బంధువులు అందరూ రాజీ పడమని ఒత్తిడి చేశారు, పెళ్లి కాదు పేరుపోతుంది అని. ఆ తల్లి నిలబడిందంటే ఆ సపోర్ట్ పర్సన్ వల్లే అని నేను ప్రమాణం చేసి చెప్తాను.

అన్నా, మీ పిన్ని గారికి కూడా సఖి సెంటర్ ఉంటుంది, 181కి చేయండి. అది ఒక్క లైంగిక దాడులకే కాదు, హింసకి గురైన ఏ ఆడవాళ్లయినా వెళ్లొచ్చు. ఒంటరిగా ఉన్న మనిషి అంటున్నారు కదా, వాళ్లు ఇంటికి వచ్చి మాట్లాడితే పెద్దమనుషులు కూడా కొంచెం వెనక్కి తగ్గుతారు.

ఏపీపీగా_పనిచేశా

చర్చ బాగుంది. నేను కోర్టు వైపు నుంచి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చార్జ్‌షీట్ పడితే చాలు అన్నట్టు మాట్లాడుకుంటున్నాం.

ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) ఏటా చార్జ్‌షీట్ రేటు అని ఒక లెక్క ఇస్తుంది. 2022 రిపోర్టులో ఐపీసీ కేసుల్లో కేరళ 96 శాతం, పుదుచ్చేరి 91.3, పశ్చిమ బెంగాల్ 90.6 అని పైన ఉన్నాయి. చూడగానే ఆహా అనిపిస్తుంది. కానీ ఆ రేటు ఎలా కడతారో చూడండి, ఆ ఏడాది పోలీసులు ఏదో ఒకటి తేల్చేసిన కేసుల్లో ఎన్నిటికి చార్జ్‌షీట్ వేశారు అనేదే ఆ శాతం. తేల్చకుండా అల్మారాలో ఉన్న కేసు ఆ లెక్కలోకే రాదు. అంటే ఈ పిన్ని గారి కేసు ఇంకో రెండేళ్లు ఇలాగే పడి ఉన్నా ఆ జిల్లా చార్జ్‌షీట్ రేటు ఒక్క చుక్క కూడా తగ్గదు. కాబట్టి రేటు పెంచండి అని టార్గెట్ పెడితే ఏమవుతుందో నేను చూశాను, డిసెంబర్ వచ్చేసరికి కట్టలు కట్టలు చార్జ్‌షీట్లు కోర్టులో పడతాయి, ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్ట్ ఉండదు, ఒకే మాటని నలుగురు సాక్షుల పేర్లతో కాపీ కొట్టి ఉంటారు, పంచనామాలో సంతకం పెట్టిన మధ్యవర్తికి ఆ స్థలం ఎక్కడో కూడా తెలియదు. కోర్టు ఆఫీసు ఆబ్జెక్షన్లు వేసి వెనక్కి పంపుతుంది. పాత చట్టంలో అలా తిరిగి తిరిగి కొన్నిసార్లు కాలపరిమితి దాటిపోయేది. మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకి మూడేళ్ల తర్వాత కోర్టు కేసు తీసుకోకూడదు, ఏడాది లోపు శిక్ష ఉన్నవాటికి ఏడాదే. కొత్త చట్టంలో ఎఫ్ఐఆర్ నమోదైన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి మీ కేసు 118(1) లో ఉన్నా ఈ ప్రమాదం లేదు, 118(2) అయితే అసలు ఆ పరిమితే లేదు. రైటర్ గారు సెక్షన్ మార్పించుకోమన్నది చాలా పెద్ద సలహా, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

నా ఉద్దేశంలో రేటు పెరగాల్సింది ముందు నుంచి, చివర నుంచి కాదు. చార్జ్‌షీట్ డ్రాఫ్ట్ దశలోనే ప్రాసిక్యూటర్ చూసి "ఈ సాక్షి స్టేట్‌మెంట్ లేదు, ఈ రిపోర్ట్ లేదు" అని చెప్పే పద్ధతి ఉండాలి. కొత్త చట్టంలో సెక్షన్ 20 కింద జిల్లాల్లో డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ పెట్టమన్నారు, పోలీసు రిపోర్టుల్ని పరిశీలించే పని కూడా వాళ్లకి ఇచ్చారు. దానికి తగినంతమంది ఏపీపీలు (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు) ఉంటేనే అది పనిచేస్తుంది. రెండు మూడు కోర్టులకి ఒకే ఏపీపీ పరిగెత్తుతుంటే డ్రాఫ్ట్ ఎప్పుడు చదువుతాడు?

సాక్షి మెత్తబడ్డాడు అన్నారు. ఇది ఇప్పుడే పట్టించుకోవాలి, విచారణ దాకా ఆగితే ఆయన కోర్టులో ఎదురు తిరుగుతాడు, నేను పోగొట్టుకున్న కేసుల్లో ఎక్కువ అలాగే పోయాయి. ఆయనకి బెదిరింపులు ఉంటే విట్‌నెస్ ప్రొటెక్షన్ స్కీమ్ ఉంది, 2018లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు దేశమంతా అమలు చేయమంది. జిల్లా జడ్జి గారి కమిటీకి అప్లికేషన్ పెడితే డీఎస్పీ స్థాయి అధికారి ఐదు పనిదినాల్లో బెదిరింపు ఎంత ఉందో రిపోర్ట్ ఇవ్వాలి. ఇది పెద్ద నేరాలకే వర్తిస్తుంది, యావజ్జీవం దాకా ఉన్న 118(2) అందులోకి వస్తుంది. చూశారా, మళ్లీ ఆ సెక్షన్ దగ్గరికే వచ్చాం.

గోదారోడు_బ్రిస్టల్

నేను ఇంగ్లండ్‌లో ఉంటానండి, ఇక్కడ కోర్టులో సాక్షులకి తోడుగా ఉండే విట్‌నెస్ సర్వీస్‌లో వాలంటీర్‌ని. ఇక్కడ కూడా ఇదే గోల, ఇక్కడేదో అంతా బాగుందని మనోళ్లు అనుకుంటారు గానీ రేప్ కేసుల్లో చార్జ్ దాకా వెళ్లేవి చాలా తక్కువని పెద్ద రచ్చే అయింది, 2021లో ప్రభుత్వమే రివ్యూ చేసి బాధితుల విషయంలో విఫలమయ్యామని ఒప్పుకుంది.

ఇక్కడ తేడా ఏంటంటే పెద్ద నేరాల్లో చార్జ్ చేయాలా వద్దా అన్నది పోలీసులు కాదు, క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ లాయర్లు తేలుస్తారు. వాళ్లు వద్దు అంటే బాధితులు "మళ్లీ చూడండి" అని అడగొచ్చు, 2013 నుంచి ఆ హక్కు ఉంది, వేరే లాయర్ మొదట్నుంచీ ఫైల్ చూస్తాడు. ఏపీపీ గారు చెప్పిన డ్రాఫ్ట్ దశ పరిశీలన ఇక్కడ అలవాటే.

నాకు బాగా నచ్చింది ఆపరేషన్ సొటేరియా. మా ఏవన్ అండ్ సోమర్‌సెట్ పోలీసుల దగ్గరే మొదలైంది, తర్వాత మిగతా పోలీసు దళాలకి పాకించారు. అప్పటిదాకా రేప్ కేసు అనగానే ఆ అమ్మాయి ఫోన్ తీసుకోవడం, ఆ అమ్మాయి పాత కౌన్సెలింగ్ రికార్డులు తీయడం, ఆమె నమ్మదగిన మనిషేనా అని తవ్వడం, వీటికే నెలలు పోయేవి. పరిశోధకులు పోలీసులతో కూర్చుని ఫైళ్లు చదివి, ముందు నిందితుడేం చేశాడో చూడండి, వాడి ప్రవర్తన, వాడు ఇంతకుముందు ఎవరినైనా ఇలా చేశాడా, అక్కడ మొదలుపెట్టండి అని పద్ధతి మార్చారు. బాధితురాలికి మొదటి రోజు నుంచీ ఇండిపెండెంట్ అడ్వైజర్ ఒకరు ఉంటే ఆమె కేసు మధ్యలో వదిలేసే అవకాశం తగ్గుతుంది, మౌనిక గారు చెప్పిన సపోర్ట్ పర్సన్ లాంటి వాళ్లే.

మేం చేసేది చాలా మామూలు పని. విచారణకి ముందు ఒకరోజు సాక్షిని ఖాళీ కోర్టు హాలుకి తీసుకెళ్లి జడ్జి ఎక్కడ కూర్చుంటారు, నువ్వు ఎక్కడ నిలబడతావు, నిందితుడు ఎటువైపు ఉంటాడు చూపిస్తాం. వాయిదా రోజు వాళ్లని నిందితుడి బంధువులు లేని వేరే గదిలో కూర్చోబెడతాం. మన జిల్లా కోర్టుల్లో అయితే సాక్షి, ముద్దాయి, ఇద్దరి చుట్టాలూ ఒకే వరండాలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు, అక్కడే సగం రాజీలు అయిపోతాయి. వేరే గది ఇవ్వడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు కదండి.

వకీల్_మేడమ్_ఒంగోలు

@గోదారోడు_బ్రిస్టల్ గారూ, అలాంటి గదులు మన దగ్గరా కొన్ని జిల్లాల్లో వచ్చాయి, సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో బలహీన సాక్షుల కోసం కేంద్రం పెట్టమని చెప్పింది. హైదరాబాద్ భరోసాలో 2018లో పిల్లల కోసం ప్రత్యేకంగా కోర్టే పెట్టారు. మామూలు దెబ్బల కేసుల సాక్షులకి మాత్రం ఇంకా మీరు చెప్పిన వరండాయే గతి. ఇక పునఃపరిశీలన హక్కు, మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది ప్రొటెస్ట్ పిటిషన్, అంటే అభ్యంతరం చెప్పే పిటిషన్. పోలీసులు కేసు మూసేస్తూ రిపోర్ట్ వేస్తే, దాన్ని ఒప్పుకునే ముందు మెజిస్ట్రేట్ ఫిర్యాదుదారుకి నోటీసు ఇచ్చి వినాలి, 1985 భగవంత్ సింగ్ తీర్పు అది. ఆ నోటీసు వస్తే పక్కన పడేయకండి ఎవరూ. అర్థంకాని కాగితం అని చాలామంది సంతకం పెట్టి దాచేస్తారు, అంతటితో కేసు పోతుంది.

పల్నాడు_రైతుబిడ్డ

అందరికీ చేతులెత్తి దండం అండి. ఇన్నాళ్లూ ఎవరినడిగినా "అంతే బాబూ, మన వ్యవస్థ అంతే" అన్నారు తప్ప ఇలా ఒక్కో ముడి విప్పి చెప్పినవాళ్లు లేరు.

రైటర్ గారు చెప్పినట్టే ఎమ్మెల్సీ నంబర్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. వూండ్ సర్టిఫికెట్ రాసి ఉంది! రిజిస్టర్‌లో చూపించారు, గ్రీవియస్ అనే రాశారు, స్టేషన్ నుంచి ఎవరూ వచ్చి తీసుకోలేదంట. మా చేతికి ఇవ్వం, పోలీసులకే ఇస్తాం అన్నారు, సరే అని ఆ తేదీ, నంబర్ రాసుకుని స్టేషన్‌కి వెళ్లి 193(3) ఉత్తరంతో కలిపి ఇచ్చాను. కొత్త ఎస్సై గారు చదివి ఇదేంటి అని వాళ్ల స్టేషన్ రైటర్‌ని పిలిచారు, మా ముందే కానిస్టేబుల్‌ని ఆసుపత్రికి పంపించారు. పిన్ని ఇంటికి కూడా వచ్చి స్టేట్‌మెంట్ తీసుకుంటామన్నారు. సెక్షన్ మారిందో లేదో ఇంకా తెలియదు, మళ్లీ అడుగుతాను. 181 వాళ్లతో కూడా పిన్ని మాట్లాడింది.

రెండే డౌట్లు. సెక్షన్ మారిందని మాకు ఎలా తెలుస్తుంది, పరిహారానికి డీఎల్ఎస్ఏకి ఏమేం కాగితాలు పట్టుకెళ్లాలి?

పాత_స్టేషన్_రైటర్

శభాష్ తమ్ముడూ. ఆల్టరేషన్ మెమో కోర్టుకు పోతది, స్టేషన్ల చెప్పకపోతే ఆ మెజిస్ట్రేట్ కోర్టుల మీ లాయర్ సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెడితే తెలుస్తది. చార్జ్‌షీట్ పడ్డంక సీసీ నంబర్ (కోర్టు ఇచ్చే కేసు నంబర్) వస్తది, 118(2) అయితే కేసు సెషన్స్‌కు పోతదా కిందనే నడుస్తదా అనేది వకీలమ్మనే చెప్పాలె. సాక్షి దగ్గరకు నువ్వు పోయి బతిమాలకు, రేపు నువ్వే చెప్పిచ్చినవ్ అంటరు. గాయన స్టేట్‌మెంట్ ఇప్పుడే రాయమని ఐఓను అడుగు.

వకీల్_మేడమ్_ఒంగోలు

డీఎల్ఎస్ఏకి ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే రిపోర్ట్, ఆపరేషన్ బిల్లులు ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులు, ఆధార్, పిన్ని గారి పేరు మీద ఉన్న బ్యాంక్ పాస్‌బుక్. జాయింట్ అకౌంట్ వద్దు. పొలం పనికి వెళ్లలేకపోయిన నెలలకి కూలీ నష్టం కూడా అప్లికేషన్‌లో రాయండి, అది చాలామంది మర్చిపోతారు. వూండ్ సర్టిఫికెట్ కాపీ పోలీసుల నుంచి వాళ్లే తెప్పించుకుంటారు, దాని కోసం ఆగకుండా ఈ వారమే ఇచ్చేయండి. డబ్బు తక్షణం అవసరమని, మధ్యంతరంగా కొంత ఇప్పించమని ఒక పేరా విడిగా రాయండి. రాయడం రాకపోతే అక్కడే పారాలీగల్ వాలంటీర్ ఉంటారు, వాళ్లే రాసిపెడతారు, ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వాల్సిన పని లేదు.